నలుగురిలో నా పేరే ఎందుకొచ్చింది

సర్వే అమ్మాయి మా గేటు ముందు ఆగినప్పుడు అత్తమ్మ వాకిట్లో పీట వేసుకుని ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. నేను బోరు దగ్గర బట్టలు పిండుతున్నాను. మామ పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మా ఆయన లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పని చేసేవాడు. రాత్రి డ్యూటీ చేసి వస్తే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు.

మాది మోత్కూర్‌కు దగ్గరి పల్లె. మాది అంటున్నాను కానీ, అప్పటికి నేను ఆ ఇంటికి వచ్చి రెండేళ్లే. నేను పుట్టి పెరిగింది పాలమూరు వైపు, జడ్చర్ల దాటాక లోపలికి పోయే ఒక ఊళ్లో. డిగ్రీ మహబూబ్‌నగర్‌లో చదివాను. పెళ్లయ్యాక ఆ చదువు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. తెలంగాణ వచ్చి నాలుగైదేళ్లయింది అప్పటికి.

ఆ అమ్మాయిది ఇంచుమించు నా ఈడే. మెడలో కార్డు, భుజాన బరువైన బ్యాగు, చేతిలో ట్యాబు. ఎండకు మొహం కందిపోయి ఉంది. ముందు మంచినీళ్లు అడిగింది. నేను చెంబుతో నీళ్లు తెచ్చేలోపే అత్తమ్మ మొదటి ప్రశ్న వేసేసింది.

"ఆ ఇల్లెందుకు దాటొచ్చినవ్ బిడ్డా?"

మా పక్కిల్లు మా చిన్నత్తది, అంటే మామ తమ్ముడి భార్యది. ఆ అమ్మాయి ఆ గేటు ముందు నుంచే నడిచి మా దగ్గరికి వచ్చింది. అత్తమ్మ మిరపకాయల మీద చూపు పెట్టుకునే అదంతా చూసింది.

"మా లిస్టుల ఆ ఇల్లు రాలే పెద్దమ్మా. ఊర్ల కొన్ని ఇండ్లే వచ్చినయ్."

"ఎవరు రాసిండ్రు ఆ లిస్టు?"

"ఎవరూ రాయలే. కంప్యూటరే తీసింది."

అత్తమ్మ చేట పక్కకు జరిపింది. చేతులకు కారం ఉందని కొంగు మోచేత్తో సర్దుకుని, మామ వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పశువుల బేరగాడు వచ్చి మా బర్రెను ఊరికే మెచ్చుకున్నప్పుడు కూడా అలాగే చూస్తుంది.

ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. ఇది ఆరోగ్యం గురించి, తిండి గురించి అడిగే సర్వే. పేర్లు బయటికి పోవు. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. తర్వాత ఇంట్లో ఎవరెవరు ఉంటారో, వాళ్ల వయసెంతో అడిగి రాసుకుంది. మామ, అత్తమ్మ, మా ఆయన, నేను. నలుగురం. రాసుకున్నాక తెర మీద ఒకచోట నొక్కింది. కాసేపు ఆగి నా వైపు చూసి నవ్వింది.

"అక్కా, నీ పేరొచ్చింది. ఈ ఇంట్ల నిన్ను ఒక్కదాన్నే అడగాలె."

నా చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది.

ముందుగా మామే మాట్లాడాడు. కోపంగా కాదు, తప్పు దిద్దినట్టు. "ఇంటి పెద్దను నేనున్నగద బిడ్డా. పట్టా నా పేరు మీదున్నది. కరెంటు బిల్లు నా పేరు మీదొస్తది. నన్నడుగు. మొన్నమొన్న వచ్చిన పిల్ల, ఆమెకేమెరుక? మా బోరు ఎంత లోతు పడ్డదో గూడ తెల్వదామెకు."

"బోరు గురించి కాదు తాతా. మిషన్ల ఎవరి పేరొస్తే వాళ్లనే అడగాలె."

"మిషన్‌కు మా ఇంటి సంగతి ఎట్ల తెలుస్తది?"

"తెల్వదు తాతా. తెల్వదు గనుకనే దాంతోని తీపిస్తం. ఎవరి పేరైనా రావొచ్చు."

ఈ మాటకు మామ ఇంకా అనుమానంగా చూశాడు. ఏమీ తెలియనిది ఎంచుకుందంటే ఆయనకు నమ్మకం కలగలేదు. ఆయనకు తెలిసిన సర్వే ఒక్కటే. తెలంగాణ వచ్చిన ఏడాది అందరినీ ఒకే రోజు ఇళ్లలో కూర్చోబెట్టి రాసుకున్నారు. పట్నంలో, బొంబాయిలో ఉన్నవాళ్లు కూడా బస్సులెక్కి ఊరికొచ్చారు. ఆ రోజు ఇంటి పెద్ద ముందు కూర్చుని చెప్పాడు, మిగతావాళ్లు వెనక నిలబడ్డారు.

"అందర్నడిగితే అది సర్వే," అన్నాడు మామ. "ఊర్ల పది ఇండ్లు పట్టుకుని, ఇంట్ల ఒక్కరిని పట్టుకుంటే అదేం సర్వే? అది ఏరుకునుడు."

ఏరుకోవడం అనే మాట వినగానే అత్తమ్మ మొహం మారింది. ఎందుకో నాకు తెలుసు. అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆమె చిన్నతమ్ముడికి అక్కడి ఫ్లోరైడు నీళ్లవల్ల కాళ్లు వంకర తిరిగాయి. అత్తమ్మ పెళ్లి కాకముందు ఒకసారి జీపులో ఎవరో వచ్చి, ఊళ్లో తిరిగి, వంకర కాళ్లున్న పిల్లలను మాత్రం ఏరి, బడి గోడ దగ్గర నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారట. తమ్ముడిని చెడ్డీ పైకి లాగమన్నారట. మళ్లీ ఆ జీపు రాలేదు. ఈ సంగతి అత్తమ్మ నాకు వంట చేసేటప్పుడు రెండు మూడుసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఆ చెడ్డీ రంగు దగ్గర ఆగిపోయేది. కాబట్టి ఆమె లెక్క వేరు. ఎవరైనా వచ్చి ఒకరిని ఏరుకున్నారంటే ఆ మనిషిలో ఏదో లోపం ఉన్నట్టే. చూసే ఏరుకుంటారు. చూడకుండా ఏరుకోవడం అనేది ఆమె ఎరగదు.

"మా కోడలికి ఏమైంది?" అని సూటిగా అడిగింది. "దవాఖాన్లేమన్న రాసుకున్నరా? పెండ్లయి రెండేండ్లయింది, కడుపు పండలేదని రాసుకున్నరా?"

నాకు తలెత్తబుద్ధి కాలేదు. సర్వే అమ్మాయి గబగబా, "అయ్యో, అట్ల కాదు పెద్దమ్మా" అంటోంది. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు.

అప్పుడు మామకు ఒక ఆలోచన వచ్చింది. గోడకున్న క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాగితం చింపి నాలుగు ముక్కలు చేశాడు. నాలుగు పేర్లు తనే రాశాడు. మడిచి చెంబులో వేసి అత్తమ్మకు ఇచ్చాడు. అత్తమ్మ చేతులు కడుక్కుని వచ్చి, తూర్పు వైపు తిరిగి, ఎల్లమ్మ తల్లిని తలుచుకుని, కళ్లు మూసుకుని ఒక చీటీ తీసింది. మామ విప్పి చదివాడు. మామ పేరే వచ్చింది.

"చూసినవా!" అంది అత్తమ్మ. ఆమె మొహంలో నిజమైన సంతోషం. "తల్లి గూడ ఇంటి పెద్దనే అడుగుమన్నది. నీ మిషన్ల ఎవరున్నరో మాకు తెల్వదు. ఈడ మా కండ్ల ముందర తీసినం."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఎగతాళి చేయలేదు, అది నాకు నచ్చింది. "మీరు చేసింది గూడ అదే పని పెద్దమ్మా. నా ట్యాబు గూడ చీటీలే తీస్తది. కానీ ఒక్కసారి తీసినంక మార్చొద్దు. మారిస్తే ప్రతి ఇంట్ల పెద్దమనుషులే ముంగట కూసుంటరు. కోడండ్ల సంగతి ఎవరికీ తెల్వకుంటనే పోతది."

"ఎందుకు తెల్వదు? కోడలి సంగతి నేన్ చెప్తగద!"

ఆ మాటలో మోసం లేదు. అత్తమ్మ నిజంగానే అనుకుంది, నా సంగతి నాకంటే తనకే బాగా తెలుసని. కొన్ని విషయాల్లో అది నిజం కూడా.

నా సంగతి కూడా చెప్పాలి. నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. యాదృచ్ఛిక శాంపిల్ అంటే ఏమిటో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. గుంపులో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి అని చదివిందే చదివి బట్టీ పట్టాను. కానీ నా పేరు వచ్చిందనగానే నాకు కలిగిన మొదటి ఆలోచన ఆ పాఠం కాదు. ఈ పిల్ల కావాలనే నా పేరు నొక్కింది అనుకున్నాను. మామ అయితే బోరు గురించి, పట్టా గురించి చెప్తూ కూర్చుంటాడు. అత్తమ్మ ఎదురు ప్రశ్నలు వేస్తుంది. మా ఆయన నిద్ర లేవడు. చదువుకున్నది, నెమ్మదిగా ఉండేది, తొందరగా పని అయ్యేది నాతోనే. వయసు అడిగినప్పుడు నా వైపు చూసింది కదా, అప్పుడే అనుకుని ఉంటుంది.

"ఇంకోసారి నొక్కి చూడండి," అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అది.

"రాదక్కా. ఒక్కసారే నొక్కనిస్తది."

"నిజంగా చీటీలే అయితే ఇంకోసారి తీస్తే ఏంది?"

"ఇంకోసారి తీయనిస్తే నాకు నచ్చిన పేరు వచ్చేదాక తీస్త కదక్కా," అంది ఆ అమ్మాయి.

అది సరైన మాట అని తెలుసు. పుస్తకంలో చదివిన మాటే. అయినా అనుమానం పోలేదు. ఇంకోసారి నొక్కనివ్వని దాన్ని నేనెలా నమ్మాలి? లెక్క తెలిసిన నేనే అలా అనుకుంటే, అత్తమ్మను ఏమనగలను.

చివరికి మమ్మల్ని ఒప్పించింది వివరణ కాదు, భయం. మామ అడిగాడు, "మేం వద్దంటే ఏంజేస్తవ్?"

"ఒప్పుకోలేదని రాసుకుని పోత తాతా. మీ బదులు ఇంకో ఇంటికి గూడ పోరాదు."

"ఒప్పుకోలేదని రాస్తే మా పేరు ముందర ఏం పడ్తది?"

"ఏం పడదు."

ఏమీ పడదు అని అంత తేలిగ్గా చెప్పడంతో మామకు ఏదో పడుతుందనే నిశ్చయం అయిపోయింది. అత్తమ్మకు పింఛను ఇంకా రాలేదు కానీ మామకు వస్తోంది. రేషన్ కార్డు ఉంది. "కానీయ్. అడుగు. జర తొందరగ కానీయ్," అన్నాడు.

"ఒంటరిగ మాట్లాడాలె తాతా. పక్కన ఎవరు ఉండొద్దు."

అత్తమ్మ మళ్లీ చేట ముందుకు లాక్కుంది. తొడిమెలు తీయడం మొదలుపెట్టింది, చాలా గట్టిగా.

ఒంటరిగా మాట్లాడే జాగా మా ఇంట్లో ఎక్కడుంది? లోపల ఆయన పడుకున్నాడు. అరుగు మీద మామ. వెనక బర్రెల కొట్టంలోకి పోయాం. నేను తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాను, ఆమెకు పీట ఇచ్చాను. మొదట్లో ప్రశ్నలు మామూలుగానే ఉన్నాయి. ఏ నీళ్లు తాగుతారు, పొయ్యి ఏది, కూరగాయలు వారంలో ఎన్నిసార్లు, గుడ్డు ఎప్పుడు తిన్నావు. గుడ్డు దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. మా ఇంట్లో గుడ్లు వండేవాళ్లం. ఆయనకు, మామకు వేసేదాన్ని. నేను ఎప్పుడు తిన్నానో గుర్తు రాలేదు. ఎవరూ వద్దనలేదు. గిన్నెలో మిగిలేది పులుసే. ఆ అమ్మాయి మొహంలో ఏ భావమూ లేకుండా నొక్కుకుని ముందుకు పోయింది.

తర్వాత ప్రశ్నలు మారాయి. ఒంట్లో బాగాలేకపోతే దవాఖానకు పోవాలని ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు తీసుకుపోతారు? ఒంటరిగా బజారుకు పోవచ్చా? ఫోను నీదేనా? భర్త ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా? సరిగ్గా ఆ ప్రశ్న సగంలో ఉండగా అత్తమ్మ మంచినీళ్లు పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. ఆ అమ్మాయి గొంతు మార్చకుండా, తడబడకుండా, "బర్రెలెన్ని ఉన్నయక్కా? పాలు కేంద్రానికి పోస్తరా?" అని అడిగింది.

నేను బిత్తరపోయాను. అత్తమ్మ చెంబు పెట్టి, బర్రెల వైపు చూసి, మా ఇద్దరి వైపు చూసి వెళ్లింది. వెళ్లగానే ఆ అమ్మాయి మళ్లీ చెయ్యి చేసుకున్న ప్రశ్నకు వచ్చింది. కొంతసేపటికి అత్తమ్మ గడ్డి వేయడానికి వచ్చింది. మళ్లీ బర్రెలు. ఏ పూట ఎన్ని పాలిస్తాయి, దూడ ఏ నెలది. అత్తమ్మ గడ్డి వేసి, కావాలని నెమ్మదిగా వేసి, వెళ్లింది.

నా మంచికే అలా చేస్తోందని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం ఆ నేర్పు చూసి భయపడ్డాను. ఇంత చక్కగా మాట మార్చగలిగే మనిషి, ఇందాక నా పేరు దానంతట అదే వచ్చిందని చెప్పింది కదా. అది మాత్రం ఎలా నమ్మాలి?

అన్నింటికీ ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆయన చెయ్యి చేసుకోలేదు, లేదనే చెప్పాను. ఇంట్లో ఏం వండాలో ఎవరు నిర్ణయిస్తారు అంటే అత్తమ్మ అన్నాను. ఆఖరికి ఆ అమ్మాయి బ్యాగులోంచి చిన్న మిషన్ తీసి, వేలికి సూది గుచ్చి, రక్తం బొట్టు పట్టీ మీద పెట్టింది. అంకె చూసి, "రక్తం బాగా తక్కువున్నదక్కా. దవాఖానకు పోయి గోళీలు తెచ్చుకో," అని చీటీ రాసిచ్చింది.

బయటికి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. నా వేలిని చూసింది. "రక్తం గూడ తీసుకున్నవా? అయితే నాది గూడ తియ్యి."

"రాదు పెద్దమ్మా. అక్కది ఒక్కటే తీయాలె."

"ఎందుకు రాదు? సూది ఉన్నది, మిషనున్నది, నా వేలున్నది."

ఆ అమ్మాయి బతిమాలుతున్నట్టు మొహం పెట్టింది. తీసి ఉంటే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ తీయలేదు. అత్తమ్మ చాచిన వేలు అలాగే ఉంచి కొంచెంసేపు నిలబడింది, తర్వాత దింపుకుంది. ఆ అమ్మాయి మామకు దండం పెట్టి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

ఆ సాయంత్రం చిన్నత్త వచ్చింది. వచ్చి కూర్చుంది కానీ చాయ్ వద్దంది. "మా ఇల్లు దాటిపోయిండ్రట గద. మీకేమిస్తరట?"

"ఏమియ్యరు. రక్తం తీస్కపోయిండ్రు," అంది అత్తమ్మ.

"ఏమియ్యకుంట ఊకెనే వస్తరా అక్కా? లోను గిట్ల ఉన్నదేమో. మీ కోడలు చదువుకున్నది. ఫోన్ల ఏదన్న నొక్కి పేరు రాయించుకున్నదేమో అడుగు." నేను అక్కడే ఉన్నాను. నా వైపు చూడకుండా నా గురించి మాట్లాడింది.

వింత ఏమిటంటే, ఎంపికైన మేము ఏదో పోతుందని భయపడుతున్నాం, ఎంపిక కాని చిన్నత్త ఏదో పోయిందని బాధపడుతోంది. ఏమీ రాదు, ఏమీ పోదు అనే మాట మా వాడలో ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు. మామ పంచాయతీ సెక్రటరీని అడిగి వచ్చాడు. ఆయన "మాకేం తెల్వదు, పైనుంచే వచ్చింది" అన్నాడట. పైనుంచి అనే మాటతో మా ఇంట్లో మాటలు మరీ తగ్గిపోయాయి.

ఆ నెల పింఛను ఆలస్యమైంది. అత్తమ్మ గిన్నెలు తోముతూ, "బర్రెలని గూడ రాసుకున్నది గదా, ఉన్నోళ్లమనుకున్నరు," అంది. నన్ను అనలేదు, గిన్నెలతో అంది. నాలుగు రోజుల తర్వాత ఊరందరికీ ఆలస్యమైందని తెలిసింది. అప్పుడు కూడా, "మనవల్ల ఊరందరికి ఆగిందేమో" అని మామ కొంచెం దిగులుపడ్డాడు.

మా ఆయన మొదట పట్టించుకోలేదు. రెండు మూడు రోజులయ్యాక అన్నం తింటూ అడిగాడు.

"ఏమేమడిగిందామె?"

నీళ్లు, పొయ్యి, గుడ్లు అని చెప్పాను.

"మొగడు కొడ్తడా అని అడుగుతరట గద. కంపెనీల ఒకాయన చెప్పిండు."

"అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"కొట్టడు అన్న."

"మరి ముందుగాల ఎందుకు చెప్పలే, అడిగిందని?"

అడిగిందని చెప్తే, ఏం చెప్పావని అడుగుతాడని. కొట్టడని చెప్పానంటే, ఇంకేం చెప్పావని అడుగుతాడని. నిజం చెప్పినా నిరూపించుకునే దారి లేదు. ఆయన చేయి కడుక్కుని లేచాడు. తర్వాత కొన్నాళ్లు నా ఫోను చేతిలోకి తీసుకుని ఊరికే చూసి పెట్టేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ తన ఇంటి కొట్టంలో, తాను పడుకున్న గదికి గోడవతల, తన గురించి ఒక పరాయి మనిషికి తన భార్య ఏదో చెప్పింది. అది ఆయన్ను లోపల గుచ్చుతూనే ఉంది.

రక్తం తక్కువ అన్న మాట మాత్రం అత్తమ్మ వదల్లేదు. ఆమెకు అదే రుజువు. "చూసినవా, రక్తం లేదని ముందుగాలనే ఎరుక వాళ్లకు. అందుకే నిన్ను పట్టుకున్నరు. మిషన్ తీసిందట, మిషన్!" అని పొలంలో, బావి దగ్గర అందరికీ చెప్పింది. ఆ మాటే చెప్పుకుంటూ ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని మోత్కూర్ దవాఖానకు తీసుకుపోయింది. రెండేళ్లలో అత్తమ్మా నేనూ కలిసి ఎక్కడికైనా పోవడం పెళ్లిళ్లు తప్పితే అదే మొదటిసారి.

అక్కడ నర్సమ్మ నాకు మళ్లీ సూది గుచ్చింది. అదే మాట చెప్పింది. అత్తమ్మ వెంటనే తన వేలు చాచింది. "నాది గూడ చూడమ్మా. ఆనాడు చూడనన్నది ఆమె."

నర్సమ్మ కొత్త సూది తీసి గుచ్చింది. మిషన్ వైపు చూసి, అత్తమ్మ కింది కనురెప్ప లాగి చూసింది. "ఏం పెద్దమ్మా, నడుస్తుంటే ఆయాసం రాదా? నీ కోడలికన్న నీకే తక్కువున్నది."

అత్తమ్మ వేలు కొంగుతో తుడుచుకుంది. తర్వాత గట్టిగానే అంది, "మరి నన్నిడిసిపెట్టి దీన్నెందుకు పట్టుకున్నరు? రక్తం లేనోళ్లను ఏరుకునేటట్టయితే నన్ను ఏరుకోవాలె. ఏం తెల్వదు ఆ మిషన్‌కు!"

తెలియదనే ఆ అమ్మాయి మొదటి నుంచీ చెప్తూ వచ్చింది. కానీ అత్తమ్మ ఆ మాటను ఆ రోజు దవాఖాన బల్ల మీద, తన దారిలో తాను చేరుకుంది. ఆమె దృష్టిలో అది న్యాయం కాదు, తప్పు. ఎవరికి అవసరమో వాళ్ల దగ్గరికి రాకుండా ఎవరి దగ్గరికో వచ్చే మిషన్ ఎందుకు? ఆ ప్రశ్నకు నా స్టాటిస్టిక్స్ పుస్తకంలో జవాబు ఉంది. అయితే చాచిన వేలు దింపుకున్న మనిషికి ఆ జవాబు ఎలా చెప్పాలో పుస్తకంలో లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే వెనక కూర్చున్నాం. గోళీల పొట్లాలు ఆమె ఒళ్లో ఉన్నాయి. మా ఊరి మలుపు ఇంకా రాలేదు. రోడ్డు వైపు చూస్తూనే అడిగింది.

"నా గురించి గూడ అడిగిందా ఆమె?"

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో తిరిగిన అనుమానానికి మొదలు ఎక్కడుందో అప్పుడు తెలిసింది నాకు. రేషన్ కార్డు కాదు, పింఛను కాదు.

"అడిగింది అత్తమ్మా. ఇంట్ల ఏం వండాలో ఎవరు చెప్తరు అన్నది. నువ్వు చెప్తవ్ అన్న."

"ఇంకా?"

"దవాఖానకు ఎవరు తీస్కపోతరు అన్నది. ఇప్పటిదాక ఎవరు తీస్కపోలే అన్న."

ఆమె నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. పొట్లాలు రెండు చేతులతో సర్దుకుంది. "అదీ నిజమే," అంది. కొంచెం దూరం పోయాక, "గిప్పుడడిగితే నేన్ తీస్కపోయిన అని చెప్పు," అంది.

గోళీల మీద కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. ముందు నాతో కొన్నాళ్లు మింగించి, నాకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు తను మొదలుపెట్టింది. ఎగతాళిగా చెప్పడం లేదు, ఆమె స్థానంలో ఉంటే నేనూ అలాగే చేసేదాన్నేమో. గుడ్లు వండిన రోజు ఒకటి ఆమె తీసి పక్కన పెట్టి, మేమిద్దరం చెరి సగం తినడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

నా జవాబులు ఎక్కడికి పోయాయో, ఏ పట్టికలో ఏ అంకెలో కలిశాయో తెలియదు. మా ఊరి కోసం అని ఏమీ రాలేదు, మా ఇంటి నుంచి ఏమీ పోలేదు. మా ఆయన మాత్రం చాలాకాలం తర్వాత, మా పాప పుట్టి బడికి పోతున్నప్పుడు, ఏదో మాటల్లో "ఆ సర్వేల నువ్వేం చెప్పినవో గాని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వాను. అప్పుడు చెప్పిందే మళ్లీ చెప్పలేదు.

మొన్న ఊళ్లో ఇంటింటికీ తిరిగి మళ్లీ రాసుకున్నారు. బడి సారు వచ్చాడు, మాకు తెలిసినాయనే. అన్ని ఇళ్లకూ పోతున్నాడు కాబట్టి ఈసారి ఎవరికీ గాబరా లేదు. చిన్నత్త వాళ్లది అయిపోయాక మా ఇంటికి వచ్చాడు. మామ పొలంలో ఉన్నాడు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని అన్నీ చెప్పింది. ఇల్లు, పొలం, బర్రెలు, బోరు. నేను లోపల పాప జడ వేస్తూ వింటున్నాను. అంతా అయ్యాక సారు కాగితాలు సర్దుకుంటుంటే అత్తమ్మ ఆపింది.

"లోపట నా కోడలున్నది. ఆమెను గూడ అడుగుండ్రి సారు."

"అవసరం లేదు పెద్దమ్మా. ఇంటికి ఒక్కరు చెప్తే చాలు."

"నేన్ చెప్పింది, ఆమె చెప్పింది కలుస్తదో లేదో చూస్కోరా?"

సారు నవ్వి చెప్పులు వేసుకున్నాడు. ఆయన గేటు దాటేదాకా అత్తమ్మ అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత నాకు వినపడేటట్టు అంది.

"ఒక్కరు చెప్తే రాస్కపోతున్నడు. ఏం సర్వేనో ఏమో, జర అనుమానమే."